ఘాట్ మలుపులో జారిన మూడో గేరు: ఒక పాత ఎస్‌ఎల్‌కే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కేసు

వచ్చిన బండి 2006 మోడల్ మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే 200 కొంప్రెసర్. రెండే సీట్లు, బటన్ నొక్కితే మడుచుకుని డిక్కీలోకి పోయే లోహపు టాప్, 1.8 లీటర్ల సూపర్‌ఛార్జర్ ఇంజిన్, 163 హార్స్‌పవర్. గేర్‌బాక్స్ అయిదు గేర్ల ఆటోమేటిక్, కంపెనీ నంబర్ 722.6. మీటర్‌లో 1,12,000 కిలోమీటర్లు. ఓనర్‌ది చిత్తూరు వైపు మామిడి గుజ్జు వ్యాపారం. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కాయ సీజన్‌లో బండి ముఖం కూడా చూడరు. సీజన్ అయ్యాక మాత్రం దంపతులిద్దరూ ఇందులోనే తిరుమల కొండకు వెళ్లొస్తారు.

ఆయన చెప్పిన కంప్లైంట్ ఆయన మాటల్లోనే రాస్తున్నా: "అన్నా, అలిపిరి దాటి పైకి పోతాంటే మలుపు తిరిగినప్పుడు ఇంజిన్ ఒక్కసారి గట్టిగా అరుస్తాది, బండి మాత్రం ముందుకు పోదు. ఒక్క సెకను. మళ్లా పట్టుకుంటాది. ఈ మధ్య కింద రోడ్డు మీద గూడా రెండు నుంచి మూడుకు పడేటప్పుడు అట్లనే చేస్తాంది."

అప్పటికే ఒకచోట గేర్‌బాక్స్ మొత్తం మార్చేయాలని, ఇంకోచోట ఆయిల్ మారిస్తే సరిపోతుందని చెప్పారట. రెండూ బండిని విప్పకుండా, లెవెల్ చూడకుండా చెప్పిన మాటలే. తిరుపతి ఆటోనగర్‌కు వచ్చే పాత ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి ఇదే గతి పడుతోంది, అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. కాలిన క్లచ్ ప్లేట్లు తీసి కొత్తవి వేయడం చేతనైన మెకానిక్‌కు పెద్ద పని కాదు. అవి ఎందుకు కాలాయో తేల్చకుండా బాక్స్ మూస్తే, ఆరు నెలల్లో కొత్తవీ అదే దారిన పోతాయి.

విప్పడానికి ముందు అడగాల్సినవి

బండిని లిఫ్ట్ ఎక్కించే ముందు ఓనర్‌తో అరగంట కూర్చుని మాట్లాడాను. ఆ అరగంట స్కానర్ కంటే ఎక్కువ చెప్పింది.

పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేస్తే ఎంతసేపటికి కదులుతుందని అడిగాను. "రెండు మూడు సెకన్లు పడతాది అన్నా, పాత బండి కదా అనుకున్యా" అన్నారు. వయసుకు దీనికి సంబంధం లేదు. మంచి 722.6 ఇరవై ఏళ్లయినా లివర్ వేసిన సెకనులో మెత్తగా పట్టుకుంటుంది. చల్లటి ఆయిల్ కుంచించుకుని లెవెల్ ఇంకా దిగుతుంది కాబట్టి, ఆయిల్ తక్కువైన బాక్స్ పొద్దున పూటే మొదట బయటపడుతుంది.

మలుపు ఏ వైపు, ఎక్కడ అని అడిగాను. కొండకు ఎక్కే దారి, దిగే దారి వేరు. 1944 నాటి మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగేటప్పుడు ఎన్ని మలుపులు తిరిగినా ఏ ఇబ్బందీ లేదట. ఎక్కేటప్పుడు, అదీ బండి బాగా ఒరిగే మలుపులోనే జారుతోంది. బెంగళూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దిగినప్పుడూ ఏమీ లేదు. క్లచ్ అరిగిపోయిన బాక్స్‌కు మలుపుతో పని ఉండదు, ఎక్కడైనా జారుతుంది. మలుపు చూసి జారుతోందంటే, పాన్‌లో, అంటే బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, ఫిల్టర్ మూతి తేలి, పంప్ గాలి పీలుస్తోందని అర్థం. ఎక్కుడు మీద ఆయిల్ ఎలాగూ వెనక్కి జరుగుతుంది, మలుపులో పక్కకూ జరుగుతుంది, పైగా ఇంజిన్ లోడ్ అప్పుడే ఎక్కువ.

ఇక పాత బిల్లులు. ఓనర్లు వీటిని పారేస్తుంటారు, ఈయన ఫైల్ చేసి పెట్టారు. ఏడాది కిందట బండి రెండో గేరులో ఇరుక్కుపోయి లింప్ మోడ్‌లోకి వెళ్లింది. ఒక సిటీ వర్క్‌షాప్‌లో కండక్టర్ ప్లేట్ (బాక్స్ లోపలి సెన్సర్లు, కరెంట్ దారులు ఉండే పలక), ఫిల్టర్, గాస్కెట్ మార్చారు. ఆయిల్ 3 లీటర్లు అని రాసి ఉంది. ఆ అంకె దగ్గర నా కన్ను ఆగింది. ఈ బాక్స్‌లో మొత్తం పట్టేది ఏడెనిమిది లీటర్లు. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌కు ఈ మోడల్‌లో డ్రెయిన్ బోల్ట్ లేదు కాబట్టి పాన్ విప్పితే దాదాపు నాలుగు లీటర్లు దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. మూడు పోశారంటే, దిగింది మూడే అయ్యుండాలి. అంటే అప్పటికే ఒక లీటరు తక్కువ. దిగినంత కొలిచి అంతే పోయడం మన దగ్గర చాలామందికి అలవాటు. బాక్స్ నిండుగా ఉన్నప్పుడు ఆ పద్ధతి నడుస్తుంది, లోటుతో ఉన్న బాక్స్‌లో లోటును అలాగే నిలబెడుతుంది.

బిల్లులో ఇంకొకటి లేదు. కండక్టర్ ప్లేట్‌కు కరెంట్ తీసుకెళ్లే 13 పిన్నుల ప్లగ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ బుష్. రెండు ఓ-రింగులు (రబ్బరు సీలు రింగులు) ఉన్న చిన్న వస్తువు, ఒకే ఒక్క 7 ఎం.ఎం. బోల్ట్‌తో పట్టి ఉంటుంది. 722.6లో ఆయిల్ కారే మొదటి చోటు ఇదే. కండక్టర్ ప్లేట్ మార్చే ప్రతిసారీ ఇది కొత్తది పడాలి, ఎందుకంటే ప్లేట్ దించాలంటే ఈ బుష్ ఎలాగూ బయటికి లాగాలి. ఎండిన ఓ-రింగ్‌ను మళ్లీ అదే రంధ్రంలోకి తోస్తే అది ఇంకెప్పటికీ పట్టదు.

లిఫ్ట్ మీద

కింద ప్లాస్టిక్ కవర్ విప్పగానే సంగతి తెలిసిపోయింది. కవర్ లోపలి వైపు అంతా ఆయిల్, దాని మీద ఘాట్ దుమ్ము పేరుకుని నల్లటి ముద్ద. షెడ్‌లో నేల మీద ఒక్క చుక్క పడదు, అంతా కవర్‌లోనే ఆగుతుంది. ఓనర్‌కు లీక్ తెలియకపోవడంలో ఆయన తప్పు ఏమీ లేదు.

పైగా ఈ బాక్స్‌కు డిప్‌స్టిక్ ఇవ్వలేదు. గొట్టం ఉంది, మూత ఉంది, ఆ మూతకు ఒక పిన్ను తాళం ఉంది. పిన్ను విరిస్తే గానీ మూత రాదు. కొలిచే కడ్డీ వర్క్‌షాప్ టూల్‌గా విడిగా కొనుక్కోవాలి. 1996లో ఈ బాక్స్ వచ్చినప్పుడు ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదన్నారు. తర్వాత కంపెనీయే ఆయిల్ మార్పును సర్వీస్‌లో చేర్చింది. ఆ మొదటి మాట మాత్రం ఇప్పటికీ జనం నోట నడుస్తూనే ఉంది, దాని వల్ల పోయిన బాక్సులను నా చేతులతోనే విప్పాను.

టూల్ కడ్డీ దింపి చూస్తే, వేడి మీద 80 డిగ్రీల గుర్తు దాకా రావాల్సిన ఆయిల్ కడ్డీ కొనను తడిపింది అంతే. తర్వాత పాన్ విప్పి కొలిస్తే 2.6 లీటర్లు. ఏడాదిలో ఇంకొంచెం కారిపోయింది.

స్కానర్‌లో గేర్ జారుతోందన్న కోడ్ ఉంది, స్పీడ్ సెన్సర్ల కోడ్‌లు లేవు. ఈ బాక్స్‌లో ఎన్2, ఎన్3 అని రెండు స్పీడ్ సెన్సర్లు కండక్టర్ ప్లేట్‌లోనే ఉంటాయి. 2, 3, 4 గేర్లలో రెండూ ఒకే అంకె చూపాలి. రేణిగుంట రోడ్డులో మెల్లగా నడిపి చూశాను, సరిగ్గా సరిపోయాయి. ప్లేట్ మంచిదే. గేర్‌బాక్స్ కంప్యూటర్ ప్లగ్ ఊడదీస్తే మాత్రం పిన్నుల మధ్య ఎర్రటి తడి. బుష్ దగ్గర కారిన ఆయిల్ వైరు లోపలి సందుల వెంట పాకి అక్కడిదాకా వచ్చేసింది. వైరింగ్‌లో ఆయిల్ పైకి ఎక్కుతుందంటే నమ్మని వాళ్లకు ఆ ప్లగ్ చూపించాలి. ఓనర్‌ను పిలిచి చూపించాను కూడా.

అన్నిటికంటే పనికొచ్చింది అడాప్టేషన్ విలువలు. ఈ కంప్యూటర్ ఒక్కో క్లచ్‌కు ఎంత ప్రెషర్ ఎంతసేపు ఇస్తే గేరు మెత్తగా పడుతుందో నేర్చుకుంటూ సరిచేసుకుంటుంది. కే1, కే3 అనే క్లచ్‌లవి మామూలుగా ఉన్నాయి. కే2 విలువ హద్దుకు ఆనుకుని ఉంది. అంటే కే2 జారుతోందని గమనించి, కంప్యూటర్ ప్రెషర్ పెంచుతూ పెంచుతూ పోయి, ఇంక పెంచలేని చోట ఆగింది. అప్పటిదాకా కొండ మీదే కనిపించిన జబ్బు కింద రోడ్డు మీదకు దిగింది అప్పుడే.

కే2 సంగతి కొంచెం చెప్పాలి. 722.6లో మూడు ప్లానెటరీ గేర్ సెట్లు, కే1, కే2, కే3 అని మూడు క్లచ్‌లు, బీ1, బీ2, బీ3 అని మూడు బ్రేకులు, రెండు ఫ్రీవీళ్లు (ఒక వైపే తిరిగేవి). రెండో గేరులో కే1, కే3, బీ2 పట్టి ఉంటాయి. మూడో గేరుకు కే3 వదిలి కే2 పట్టాలి. ఈ వదలడం, పట్టడం ఒకే క్షణంలో జరగాలి. కే2 ఆలస్యం చేస్తే మధ్యలో ఇంజిన్‌ను ఆపేది ఏదీ ఉండదు, అందుకే ఆ అరుపు. కే2 3, 4, 5 గేర్లన్నిట్లోనూ పనిచేస్తుంది కాబట్టి, పూర్తిగా పోయి ఉంటే బండి రెండో గేరు దాటేది కాదు. పట్టాక నిలబడుతోందంటే లైనింగ్ ఇంకా కొంత మిగిలి ఉంది.

పాన్ ఆయిల్‌ను తెల్ల కాగితం మీద వేశాను. ముదురు గోధుమ రంగు, మాడిన వాసన, మధ్యలో నల్లటి పొడి. మ్యాగ్నెట్ మీద సన్నటి ఇనుప బురద మామూలే, కానీ మ్యాగ్నెట్‌కు అంటని నల్ల రేణువులు పాన్ మూలల్లో ఉన్నాయి. అది క్లచ్ లైనింగ్. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఆయిల్‌లో కలిసిందేమోనని టెస్ట్ కూడా చేశాను, లేదు. ఈ టెస్ట్ మానకూడదు. గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ లోపలే, మధ్య గోడ పగిలితే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. కొద్దిగా కలిసినా కన్వర్టర్ లాకప్ (దాని లోపలి క్లచ్) లైనింగ్ ఊడొస్తుంది. ఆ జబ్బులో గరుకు పట్టీల మీద బండి పోతున్నట్టు వణుకు ఉంటుంది. ఇక్కడ ఆ వణుకు లేదు.

ఓనర్‌తో మాట

మూడు దారులు ఆయన ముందు పెట్టాను. బుష్, ఫిల్టర్, ఆయిల్ మార్చి లెవెల్ సరిచేయడం మొదటిది. ఖర్చు తక్కువ, పొద్దుటి ఆలస్యం పోతుంది, మలుపులో జారడం కూడా తగ్గొచ్చు. కానీ కాలిన కే2 కాలినట్టే ఉంటుంది, దాని పొడి క్లచ్‌లకు ఆయిల్ పంచే వాల్వ్ బాడీలో తిరుగుతూనే ఉంటుంది. రెండోది సెకండ్ హ్యాండ్ బాక్స్. చెన్నైలో దొరుకుతాయి. ఎక్కడి బండిదో, ఏ ఆయిల్‌తో ఎన్నాళ్లు నడిచిందో చెప్పేవాళ్లుండరు, ఇదే బుష్ అందులోనూ ఇదే వయసుతో ఉంటుంది. మూడోది పూర్తిగా విప్పి కట్టడం.

"నువ్వయితే ఏం చేస్తావు అన్నా?" అన్నారాయన. విప్పి కడతాను సార్ అని, ఎందుకో కూడా చెప్పాను. గేర్లు, షాఫ్ట్‌లు, ఫ్రీవీళ్లు మంచివని శబ్దమే చెబుతోంది. ఇనుము అంతా ఆరోగ్యంగా ఉన్న బాక్స్ చేతిలో పెట్టుకుని, చరిత్ర తెలియని దాన్ని తెచ్చుకోవడం నాకు మనసొప్పదు. ఒక షరతు మాత్రం పెట్టాను: కన్వర్టర్, రేడియేటర్ వదిలేసి బాక్స్ ఒక్కటే చేయమంటే చేయను. కే2 పొడి ఆ రెండింటిలోనూ చేరి ఉంటుంది, శుభ్రంగా కట్టిన బాక్స్‌లోకి మొదటి నిమిషంలోనే తిరిగొస్తుంది. ఆయన ఒక రోజు ఆలోచించుకుని సరేనన్నారు. అంతా కలిపి లక్షా డెబ్బై వేల దాకా అయింది.

లోపల కనిపించింది

బాక్స్ దించి, కన్వర్టర్ లాగి, నిలువుగా స్టాండ్ మీద పెట్టి విప్పాం. ముందు పంప్, తర్వాత ఇన్‌పుట్ షాఫ్ట్‌తో పాటు కే1, కే2 పైకి వచ్చేస్తాయి.

కే2 డ్రమ్ సర్క్లిప్ (ప్లేట్లను పట్టి ఉంచే రింగు) తీసి ప్లేట్లను బల్ల మీద వరసగా పేర్చాను. లైనింగ్ ప్లేట్లు నల్లబడి, గోరుతో గీకితే పొరలుగా లేచొచ్చాయి. మధ్యలో ఉన్న ఉక్కు ప్లేట్ల మీద నీలం మచ్చలు, ఒక ప్లేట్ కొంచెం వంగింది కూడా. గాజు పలక మీద పెడితే ఒక అంచు కింద నుంచి వెలుతురు కనిపించింది. పిస్టన్ అంచు రబ్బరు గట్టిపడి మెరుస్తోంది. మంచి రబ్బరు వేలితో నొక్కితే వంగి లేస్తుంది, ఇది వంగలేదు. పక్కనే కే1 ప్లేట్లు తేనె రంగులో, కే3 అంతకంటే బాగా ఉన్నాయి. బీ2కి అరుగుదల మామూలే. ఎఫ్1 ఫ్రీవీల్ ఒక వైపు తిరిగి రెండో వైపు గట్టిగా పట్టుకుంది, జారుడు లేదు.

ఈ తేడా చాలా విలువైంది. ఆయిల్ పాతబడటం వల్లనే కాలి ఉంటే అన్ని క్లచ్‌లూ ఎంతో కొంత కాలేవి. కే2 ఒక్కటే ఇలా కావడానికి కారణం, ఘాట్ ఎక్కేటప్పుడు బండి తిరిగేదే రెండు, మూడు గేర్ల మధ్య. మలుపు దగ్గర రెండు, బయటికొస్తూ మూడు, మళ్లీ రెండు. ప్రతి మలుపు బయట, పంప్ గాలి మింగి ప్రెషర్ పడిన సరిగ్గా ఆ సెకనులో కే2 పట్టాల్సి వచ్చింది. పట్టలేక రాసుకుంది. రాసుకుని వేడెక్కింది. వేడికి రబ్బరు గట్టిపడి, ఆయిల్ పిస్టన్ పక్కనుంచి జారిపోవడం మొదలైంది. అక్కడి నుంచి ఆయిల్ నిండుగా పోసినా కే2 పూర్తిగా కోలుకునేది కాదు. "ఆయిల్ మారిస్తే సరిపోతుంది" అన్న సలహా ఏడాది కిందట ఇచ్చి ఉంటే నిజమయ్యేది.

వాల్వ్ బాడీని రెండుగా విడదీసేటప్పుడు ఫోటోలు తీసుకుంటాం, లోపలి చిన్న గోళీలు ఎక్కడివి అక్కడే పడాలి. కే2 పొడి రెండు వాల్వులను బిగుసుకునేలా చేసింది. కడిగి గాలి కొట్టాక, తడి వాల్వును రంధ్రంలో నిలువుగా వదిలితే తన బరువుకే కిందికి జారాలి. బలంగా తోస్తే పోయే వాల్వు పనికిరాదు. రెండూ కడిగాక స్వేచ్ఛగా జారాయి, రంధ్రాల్లో అరుగుదల లేదు. కరెంట్‌తో ఆయిల్ దారులు తెరిచి మూసే సోలినాయిడ్లలో కన్వర్టర్ లాకప్‌ది, ప్రెషర్‌వి రెండు కొత్తవి వేశాను. షిఫ్ట్ సోలినాయిడ్లు మూడూ పరీక్షలో బాగానే ఉన్నాయి, ఉంచేశాను. అన్నీ మార్చేయాలనే పట్టుదల నాకు లేదు. కొలిచి మంచిదని తేలిన భాగం కొత్త దానికంటే నమ్మకమైనది.

తిరిగి కట్టడం

లైనింగ్ ప్లేట్లు అన్నిటినీ, కే1, కే3వి కూడా, కొత్తవి వేశాను. బాక్స్ ఒకసారి విప్పాక వాటిని పాతవి ఉంచడంలో ఆదా లేదు. గాస్కెట్లు, సీళ్లు, టెఫ్లాన్ రింగులు, కే2 పిస్టన్ అన్నీ కొత్తవి. లైనింగ్ ప్లేట్లను ముందు రోజు సాయంత్రమే ఆయిల్‌లో నానబెట్టాం. ఎండు ప్లేట్ మొదటి పట్టులోనే కాలుతుంది.

కే2 ప్యాక్ కట్టాక క్లియరెన్స్ కొలవాలి, అంటే పిస్టన్ వదిలినప్పుడు ప్లేట్ల మధ్య మిగిలే మొత్తం సందు. దీన్ని ఫ్యాక్టరీ ఇచ్చిన హద్దుల్లోకి తేవడానికి వేర్వేరు మందాల సర్క్లిప్‌లు దొరుకుతాయి. పాత సర్క్లిప్‌తో కొత్త ప్లేట్లకు సందు ఎక్కువ వచ్చింది. సందు ఎక్కువైతే పిస్టన్ ఎక్కువ దూరం నడవాలి, కే2 మళ్లీ ఆలస్యం. తక్కువైతే వదిలినా రాసుకుంటూనే ఉంటుంది. మందమైన సర్క్లిప్ తెప్పించడానికి రెండు రోజులు బల్ల ఖాళీగా ఉంది. మా కుర్రాడు "ఇంతకు ముందు ఇదే కదన్నా ఉండేది, ఇదే వేసేద్దాం" అన్నాడు. ఇంతకు ముందున్నది ఇంతకు ముందున్న ప్లేట్లకు కొలిచి వేసింది. కొలత చూడకుండా కట్టిన బాక్స్ రోడ్డెక్కాక ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కొత్త సర్క్లిప్ వచ్చాక కొలత హద్దుల మధ్యకు వచ్చింది, అప్పుడే మూశాం.

తర్వాత గాలి పరీక్ష. ఒక్కో క్లచ్‌కు ఆయిల్ వెళ్లే రంధ్రంలో రబ్బరు ముక్కున్న గన్‌తో తక్కువ ప్రెషర్ గాలి కొడితే, "ధబ్" మని ఒకే దెబ్బ వినిపించాలి. ఆ తర్వాత నిశ్శబ్దం. "స్స్" అని ఆగకుండా వినిపిస్తే ఎక్కడో సీలు మడతపడింది. కే2 మొదటి దెబ్బకే బాగా పలికింది. బీ3 దగ్గర సన్నటి స్స్ వచ్చింది. విప్పి చూస్తే పిస్టన్ అంచు ఒకచోట గాడిలో సరిగా కూర్చోలేదు. వాజిలిన్ రాసి మళ్లీ తోశాక ఆగింది. రివర్స్‌కు బీ3 కావాలి. ఈ పరీక్ష లేకపోతే అది బండి బిగించాక, రివర్స్ వేసినప్పుడు తెలిసేది.

కట్టే బల్ల దగ్గరకు కాటన్ వేస్ట్ రానివ్వను. దారపు పోగు ఒకటి వాల్వ్ దగ్గర చేరితే చాలు. ఆటోనగర్‌లో పక్క షెడ్డులో గ్రైండింగ్ ఎప్పుడూ ఉంటుంది, అందుకే లోపలి గదిలో, ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతున్నా అక్కడే కడతాం.

కన్వర్టర్‌ను కోసి, లాకప్ లైనింగ్ మార్చి, వెల్డ్ చేసి, బ్యాలెన్స్ చేసే పని నాకు లేదు. అది బెంగళూరులో చేయించాం. తిరిగొచ్చాక దాంట్లో ఒక లీటరు ఆయిల్ పోసి పంప్‌లోకి కూర్చోబెట్టాలి. తిప్పుతూ తోస్తుంటే మెట్టు మెట్టుగా లోపలికి దిగుతుంది. చివరి మెట్టు దిగకుండానే బోల్ట్‌లతో బిగిస్తే ఇంజిన్ ఆన్ చేసిన క్షణమే పంప్ పగులుతుంది. బెల్ హౌసింగ్ (కన్వర్టర్‌ను కప్పే బాక్స్ ముందు భాగం) అంచుకు స్కేల్ అడ్డంపెట్టి లోతు కొలిచాకే బాక్స్ ఎత్తాం.

రేడియేటర్ కొత్తది వేశాను. గ్లైకాల్ లేదని తేలింది కదా అని ఓనర్ అడిగారు. అన్నేళ్ల పాత రేడియేటర్‌లో కూలెంట్‌కూ కొత్త బాక్స్ ఆయిల్‌కూ మధ్య ఉన్నది ఒక పల్చటి గోడ. అది ఇంకెన్నాళ్లో చెప్పే పరీక్ష లేదు. పైపులను మాత్రం ఎదురు దిశలో కడిగి ఉంచేశాం.

లెవెల్, ఒక దొంగ అంకె

ఆయిల్, మెర్సిడెస్ వారి 236.14 ఆమోదం ఉన్నదే పోశాను. ఈ బాక్స్ కన్వర్టర్ లాకప్ ఎప్పుడూ కొద్దిగా జారుతూ పనిచేసేలా తయారైంది, ఆ జారుడుకు తగ్గ ఆయిల్ కాకుండా దొరికిన ఎర్ర ఆయిల్ పోస్తే వణుకు మొదలవుతుంది.

లెవెల్ దగ్గర ఎంతో మంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఆయిల్ 80 డిగ్రీల దగ్గర, పార్క్‌లో, ఇంజిన్ ఐడిల్‌లో కొలవాలి. స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ కనిపిస్తుంది కూడా. కానీ ఆ టెంపరేచర్ సెన్సర్, స్టార్టర్‌ను అనుమతించే చిన్న రీడ్ కాంటాక్ట్, రెండూ ఒకే వైరు మీద ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. పార్క్‌లో, న్యూట్రల్‌లో ఆ కాంటాక్ట్ తెరుచుకుని ఉంటుంది. అప్పుడు కంప్యూటర్‌కు ఆయిల్ వేడి తెలిసే దారి లేదు, దాని బదులు ఇంజిన్ కూలెంట్ వేడిని చూపిస్తుంది. ఇంజిన్ పది నిమిషాల్లో వేడెక్కుతుంది, గేర్‌బాక్స్ వేడెక్కదు. స్కానర్‌లో 80 కనిపించిందని కొలిస్తే ఆయిల్ నిజానికి 45 దగ్గర ఉండొచ్చు. చల్లటి ఆయిల్‌ను వేడి గుర్తు దాకా నింపితే, వేడెక్కాక ఎక్కువై నురగ కడుతుంది. నురగ కూడా గాలే.

అందుకే బ్రేక్ గట్టిగా నొక్కి డ్రైవ్‌లో వేసి అసలు అంకె చదువుతాం, మళ్లీ పార్క్‌కు వచ్చి కడ్డీ దింపుతాం. పాన్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఇంకోసారి సరిచూస్తాం. ఈ బండికి పార్క్‌లో 84 చూపిస్తున్నప్పుడు డ్రైవ్‌లో వేస్తే 51 వచ్చింది. ఓనర్ పక్కనే ఉండి చూసి, "ఇది తెలీకుండా ఎంతమంది కొలుస్తాండారో అన్నా" అన్నారు. 80 వచ్చేదాకా రోడ్డు మీద తిప్పి తెచ్చి, గుర్తు మధ్యకు నింపి, మూతకు కొత్త పిన్ను తాళం వేశాం.

రోడ్డు మీద

పాత అడాప్టేషన్ చెరిపేయడం తప్పనిసరి. కాలిన కే2 కోసం కంప్యూటర్ పెంచుకున్న ప్రెషర్‌నే కొత్త కే2కి ఇస్తే మూడో గేరు దెబ్బ కొట్టినట్టు పడుతుంది. చెరిపాక, ఆయిల్ 60 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండగా, యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కుతూ ఒక్కో గేరు మార్పును పదే పదే చేయించాలి. రేణిగుంట వైపు, తర్వాత కరకంబాడి రోడ్డు మీద ఖాళీగా ఉన్న వేళ చూసి నడిపాం. రెండు-మూడు మార్పు మొదట కొంచెం లాగినట్టు ఉండి, సాయంత్రానికి తెలియకుండా పడటం మొదలైంది. స్కానర్‌లో కే2 విలువ మధ్యకు వచ్చి నిలిచింది.

కొండ ఎక్కించే ముందు ఓనర్‌ను కొన్నాళ్లు ఊళ్లోనే, మెల్లగా నడపమన్నాను. కొత్త లైనింగ్ ఉక్కు ప్లేట్లతో సర్దుకునే దాకా ఘాట్ లోడ్ వద్దు. ఆ తర్వాత ఇద్దరం స్కానర్ పెట్టుకుని ఎండ బాగా ఉన్న మధ్యాహ్నమే అలిపిరి నుంచి ఎక్కాం. పొద్దుటి చల్లదనంలో పెట్టే పరీక్షకు విలువ లేదు. మలుపుల్లో, బయటికొస్తూ మూడో గేరు పడేటప్పుడు, కావాలని కొంచెం ఎక్కువ నొక్కాను. ఎక్కడా జారలేదు. పైకి చేరేసరికి ఆయిల్ 97 డిగ్రీలు.

ఆ అంకె చూసే ఆయన కోరిక ఒకటి కాదన్నాను. మన ఎండలకు విడిగా ఒక పెద్ద ఆయిల్ కూలర్ పెట్టించాలని ఆయనకు ఉంది, ఎవరో చెప్పారట. మే నెల తిరుపతిలో లోడ్ మీద ఎక్కి 97 దగ్గర నిలిచిన బాక్స్‌కు కూలర్ అవసరం లేదు. కొత్త కూలర్ అంటే రెండు కొత్త పైపులు, నాలుగు కొత్త జాయింట్లు. ఆయిల్ కారి చచ్చిన బాక్స్‌కు ఆయిల్ కారే చోట్లు పెంచడం నాకు ఇష్టం లేదు. 115 దాటి ఉంటే నేనే పెట్టమనేవాడిని.

1,000 కిలోమీటర్ల తర్వాత పాన్ మళ్లీ దించాం. మ్యాగ్నెట్ మీద సన్నటి బూడిద రంగు పేస్ట్, కొత్త లైనింగ్ సర్దుకునేటప్పుడు అది రావాల్సిందే. మూలల్లో నల్ల రేణువులు లేవు. దిగిన ఆయిల్ కొలిస్తే నాలుగు లీటర్లకు కొంచెం పైన. 13 పిన్నుల ప్లగ్ పొడిగా ఉంది. కంప్యూటర్ ప్లగ్‌లో మాత్రం మళ్లీ పల్చటి తడి కనిపించింది. అది కొత్త లీక్ కాదు, వైరు లోపల ముందే చేరి ఉన్న ఆయిల్ మెల్లగా దిగుతోంది. కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచాం, ఇంకో రెండు మూడుసార్లు తుడవాల్సి రావచ్చు. అప్పటికీ ఆగకపోతే ఆ వైరింగ్ ముక్క మార్చాలి, ఆ మాట ఓనర్‌కు ముందే చెప్పి బిల్లు మీద రాసి ఇచ్చాను. ఆయిల్ మార్పు 60,000 కిలోమీటర్లకు అని కూడా అక్కడే రాశాను. లెవెల్ మాత్రం ఏటా కాయ సీజన్ అయ్యాక, కొండకు బయల్దేరే ముందు, ఇక్కడికే తెచ్చి చూపించమన్నాను.